సొర పడుకునే చోటు

సొరచేప అనగానే మీలో చాలామందికి ఒక సినిమా మ్యూజిక్ గుర్తొస్తుంది. నాకు మాత్రం పసుపు వేసి ఉడికించిన వాసన గుర్తొస్తుంది. మాది శ్రీకాకుళం జిల్లా, భావనపాడు దగ్గర ఒక మత్స్యకారుల వాడ. అమ్మ చేపలు అమ్ముతుంది. నాన్న ఒకప్పుడు పడవ, ఇప్పుడు ఆటో. మా ఇంట్లో సొర అంటే భయం కాదు, పుట్టు. ముక్కల్ని పసుపు నీళ్ళలో ఉడకబెట్టి, తోలు ఒలిచి, ముల్లు తీసి, చేత్తో పొడిపొడిగా నలిపి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, బోలెడంత వెల్లుల్లి వేసి వేయించాలి. పాల సొర అయితే బాలింతలకి. పాలు పడతాయని మా నాయనమ్మ గట్టి నమ్మకం. సైన్స్ ఏమంటుందో నాకనవసరం, మా వాడలో పుట్టిన పిల్లలందరూ ఆ పాలు తాగే పెరిగారు.

చిన్నప్పుడు నాయనమ్మ పక్కన కూర్చుని సొర తోలు మీద చెయ్యి రాయడం నాకో ఆట. తల నుంచి తోక వైపు రాస్తే నున్నగా జారిపోతుంది. తోక నుంచి తల వైపు రాస్తే గరుకు కాగితం. ముక్కు మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న నల్ల చుక్కలుండేవి. వాటిని నొక్కితే జిగురు లాంటిది బయటికొచ్చేది. "ఇదేంటి నాయనమ్మా" అంటే "సీమిడి" అనేది. ఆ సీమిడి కథ తర్వాత చెప్తాను. ఎలక్ట్రికల్ వాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మా బాబాయి ఇరవై ఏళ్ళ కిందట అండమాన్ వెళ్ళిపోయాడు. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ అని ఒక పేట ఉంది. అక్కడ చేపల రేవు దగ్గర నిలబడితే శ్రీకాకుళం జిల్లాలో ఉన్నట్టే ఉంటుంది. అదే యాస, అవే తిట్లు. మన వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు. బాబాయి మాత్రం ఇప్పటికీ "పోర్టు" అనే అంటాడు.

పోయిన సెమ్ సెలవుల్లో వైజాగ్ నుంచి షిప్పులో వెళ్ళాను. రెండున్నర రోజులు సముద్రం మీద. ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన స్టైపెండ్ పైసా ఖర్చు పెట్టకుండా దాచుకున్నాను. బాబాయిని చూడ్డానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను, అది నిజమే. హేవ్‌లాక్‌లో స్కూబా కోర్సు చేస్తానని కూడా చెప్పాను. అక్కడ గొడవ మొదలైంది. మా వాడలో ఆడవాళ్ళు పడవెక్కరు. చేప ఒడ్డుకొచ్చాక అంతా మాదే. మొయ్యడం, అమ్మడం, ఎండబెట్టడం, బేరం, అప్పు. సముద్రం మాత్రం మగవాళ్ళది. అమ్మ తన జీవితంలో మోకాళ్ళ లోతు దాటి వెళ్ళలేదు. "దాని మీదెళ్ళినోళ్ళే తిరిగి రావట్లేదు, నువ్వు దాని కిందకి ఎల్తావా?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ తమ్ముడు, అంటే మా చిన్న మావయ్య, నేను పుట్టక ముందు వేటకెళ్ళి తిరిగి రాలేదు. చివరికి గుళ్ళో ఎర్ర దారం కట్టించి పంపింది.

హేవ్‌లాక్‌కి 2018 నుంచి అధికారిక పేరు స్వరాజ్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ నుంచి గవర్నమెంటు బోటులో రెండున్నర గంటలు. ఊళ్ళో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళ పిల్లలు, మనవలు. డైవింగ్ పడవల మీద మాత్రం కరెన్ కుర్రాళ్ళు ఎక్కువ కనిపిస్తారు. 1925లో బ్రిటిష్ వాళ్ళు అడవి పనికని బర్మా నుంచి తెచ్చిన కరెన్ కుటుంబాల వారసులు వీళ్ళు. అక్కడ జానీస్ గార్జ్ అని పేరున్న డైవ్ స్పాట్ ఉంది, జానీ అనే కరెన్ డైవర్ పేరు మీద పెట్టిందే. మన దగ్గర వీధులకి లీడర్ల పేర్లు పెడతారు, అక్కడ సముద్రం అడుగున ఉన్న రాళ్ళకి వాటిని వెతికిన వాళ్ళ పేర్లు పెట్టారు. నాకు ఈ పద్ధతి నచ్చింది.

కోర్సు గురించి ఎక్కువ చెప్పను. మనం ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిందంతా అక్కడ చెవుల్లో నొప్పిగా వస్తుంది. ప్రతి 10 మీటర్లకీ ఒక అట్మాస్ఫియర్ చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర ఊపిరి బిగబట్టి పైకొస్తే బాయిల్స్ లా ప్రకారం లోపలి గాలి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు చిరుగుతాయి. అందుకే మొదటి రూల్: ఊపిరి ఎప్పుడూ ఆపొద్దు. డైవ్ చేశాక 18 గంటల వరకూ విమానం ఎక్కొద్దంటారు. షిప్పు టికెట్టు కొనుక్కున్న నాకు ఆ బాధ లేదు. నీళ్ళలో ఎరుపు రంగు మొట్టమొదట మాయమవుతుంది. పన్నెండు మీటర్ల దగ్గర చూసుకుంటే అమ్మ కట్టిన ఎర్ర దారం బూడిద రంగులో ఉంది. ఒక్క క్షణం గుండె ఆగింది. తర్వాత నవ్వొచ్చింది. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని నవ్వితే మాస్కులోకి నీళ్ళొస్తాయి, జాగ్రత్త.

సొరల కంటే ముందు ఇంకో చేప గురించి చెప్పాలి. టైటాన్ ట్రిగ్గర్‌ఫిష్. రెండడుగులుంటుంది. మొహం చూస్తే నాలుగో సెమ్ వైవాలో ఎక్స్‌టర్నల్ గుర్తొస్తాడు. మా ఇన్‌స్ట్రక్టర్ సొర గురించి ఒక్క జాగ్రత్తా చెప్పలేదు కానీ దీని గురించి పావుగంట క్లాసు పీకాడు. ఇసుకలో గూడు కట్టి గుడ్లు పెట్టినప్పుడు దాని సరిహద్దు తలకిందులుగా నిలబెట్టిన కోన్ ఆకారంలో ఉంటుంది. కింద సన్నం, పైకి వెళ్ళేకొద్దీ వెడల్పు. అది వెంటపడితే మనకి సహజంగా పైకి పారిపోవాలనిపిస్తుంది. పైకెళ్తే ఇంకా దాని రాజ్యంలోనే ఉంటాం, పళ్ళతో ఫిన్ పీకేస్తుంది. పక్కకి, అడ్డంగా ఈదాలి. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో కోన్ సెక్షన్ గీయడానికి ఏడ్చిన నేను సముద్రంలో మాత్రం చాలా స్పష్టంగా ఊహించుకోగలిగాను.

చిలకచేపలు నిజంగానే వినిపిస్తాయి. పగడాన్ని ముక్కుతో కొరికే చప్పుడు, ఎవరో పక్క గదిలో జంతికలు నములుతున్నట్టు. ఆ రాతిని పొట్టలో పిండి చేసి తెల్లని ఇసుకగా వదిలేస్తాయి. ఒక పెద్ద చిలకచేప ఏడాదికి కొన్ని వందల కిలోల ఇసుక చేస్తుందట. ఇన్‌స్టాలో జనం పడుకుని ఫోటోలు దిగే తెల్లటి బీచ్ ఇసుకలో దీని వాటా చాలా ఉంది. అది ఎటు నుంచి వచ్చిందో చెప్తే ఎవరూ పడుకోరు. క్లౌన్‌ఫిష్ జంటలో ఆడది చచ్చిపోతే మగది ఆడదిగా మారుతుంది, కాబట్టి ఆ పిల్లల సినిమాలో తండ్రి అసలు కథ వేరే. మెకానికల్ వాళ్ళ కోసం ఇంకొకటి: మాంటిస్ ష్రిమ్ప్ అని అరచేతిలో పట్టేంత జీవి ఉంది. దాని దెబ్బ వేగానికి నీళ్ళలో కావిటేషన్ బుడగలు పుడతాయి. పంపు ఇంపెల్లర్లని తినేసే అదే కావిటేషన్. ఇది నత్తగుల్లలు పగలగొట్టుకోవడానికి వాడుకుంటుంది.

అన్నీ అందంగా లేవు. కొన్నిచోట్ల పగడాలు విరిగిన ఎముకల గుట్టలా పడున్నాయి. 2010లో, మళ్ళీ 2016లో నీళ్ళు వేడెక్కి పగడాలు తెల్లబడిపోయాయి. పగడం లోపల కాపురముండే సూక్ష్మమైన నాచు దానికి తిండీ రంగూ రెండూ ఇస్తుంది. వేడి ఎక్కువైతే ఆ నాచు వెళ్ళిపోతుంది. వేడి త్వరగా తగ్గితే నాచు తిరిగొస్తుంది, లేదంటే పగడం ఆకలితో చస్తుంది.

ఇక సొర. నాలుగో డైవ్‌లో, 16 మీటర్ల దగ్గర. జానీస్ గార్జ్ ఇంకా లోతు, మా లాంటి కొత్తవాళ్ళకి 18 మీటర్లు దాటకూడదని రూల్, అక్కడికి తీసుకెళ్ళలేదు. ఇది పేరు లేని మామూలు రాయి. ఇన్‌స్ట్రక్టర్ వెనక్కి తిరిగి అరచెయ్యి నిలువుగా నుదుటి మీద పెట్టాడు. సొర ఉంది అని సైగ. నేను చుట్టూ చూశాను. ఏమీ లేదు. ఆయన కిందకి చూపించాడు. ఒక బండ పెచ్చు కింద, ఇసుక మీద, పడుకుని ఉంది.

వైట్‌టిప్ రీఫ్ షార్క్. వీపు రెక్క కొసనా, తోక పై కొసనా తెల్లటి చుక్క, ఎవరో సున్నంలో ముంచి తీసినట్టు. సన్నటి ఒళ్ళు, పిల్లి కళ్ళు. నాకైతే ఐదడుగుల పైన అనిపించింది. మాస్కులోంచి నీళ్ళలో చూస్తే ప్రతిదీ మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది కాబట్టి అసలు పొడవు నాలుగడుగులుండొచ్చు. వేటగాళ్ళ మాటని ఒకటిన్నరతో భాగించాలని మా వాడలో సామెతలా అంటారు. డైవర్ల మాటని 1.33తో భాగించండి, అది రిఫ్రాక్టివ్ ఇండెక్స్.

సొర ఈదడం ఆపితే చచ్చిపోతుందని మనందరం క్విజ్‌లో చదువుకున్నాం. కొన్ని జాతులకి అది నిజం. ఇది మాత్రం పగలంతా ఇలా గుహల్లో పడుకుంటుంది. నోటి కండరాలతో నీళ్ళు లాగి మొప్పల మీదుగా పంపుకుంటుంది. రాత్రి లేచి పగడాల సందుల్లో దూరి వేటాడుతుంది. నేను చూస్తున్నంత సేపూ దాని మొప్పల చీలికలు నెమ్మదిగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. పక్కనే నా ఊపిరి, పెద్ద చప్పుడుతో బుడగలు. ఇద్దరిలో కంగారుగా ఉన్నది ఎవరో చెప్పక్కర్లేదు. కళ్ళు తెరిచే ఉంది. నన్ను చూసిందో లేదో తెలీదు గానీ, లేవాల్సినంత విషయం అనుకోలేదు. రెండు నిమిషాలున్నామేమో. అంతే. దాడి లేదు, మ్యూజిక్ లేదు.

ఆ ముక్కు మీద నాయనమ్మ చెప్పిన సీమిడి చుక్కలు కనిపించాయి. 1678లో స్టెఫానో లొరెంజినీ అనే ఇటాలియన్ వాటిని వర్ణించాడు, అందుకే లొరెంజినీ ఆంపుల్లాలు అంటారు. లోపల విద్యుత్తుని బాగా మోసే జెల్ నిండిన గొట్టాలు. ఇసుక కింద దాక్కున్న చేప గుండె కొట్టుకున్నా, కండరం కదిలినా పుట్టే చిన్న విద్యుత్ క్షేత్రాన్ని ఇవి పట్టేస్తాయి. సెంటీమీటరుకి కొన్ని నానోవోల్టులు చాలు. మన ల్యాబులో మల్టీమీటరు బ్యాటరీ ఉందో లేదో చెప్పడానికే తడబడుతుంది. ఇక ఆ గరుకు తోలు ఉంది చూశారూ, అది పొలుసు కాదు, ఒక్కో గింజా ఒక చిన్న పన్ను, మన పంటి లాగే డెంటైన్‌తో. వాటి మీద తోక వైపు సాగే సన్నటి గాళ్ళు నీటి రాపిడిని తగ్గిస్తాయి. ఆ సూత్రంతో చేసిన రిబ్లెట్ ఫిల్మ్‌ని 1987 అమెరికాస్ కప్ గెలిచిన పడవ అడుగుకి అతికించారు. ఇప్పుడు విమానాలకీ అతికిస్తున్నారు, ఇంధనం దాదాపు 1 శాతం ఆదా అవుతుందంటున్నారు. నాయనమ్మ మరిగే నీళ్ళు పోసి గోకి పారేసేది దాన్నే.

భయం సంగతి కూడా చెప్పేస్తాను. ప్రపంచమంతా కలిపినా ఏడాదికి సొరల వల్ల చనిపోయేది సగటున పదిమంది లోపే. మనుషులు చంపే సొరలు ఏటా సుమారు 10 కోట్లని 2013లో ఒక అంచనా వచ్చింది. 'జాస్' నవల రాసిన పీటర్ బెంచ్‌లీ తన చివరి రోజుల్లో సొరల తరఫున మాట్లాడుతూ తిరిగాడు. హేవ్‌లాక్‌లో 2010లో ఒక అమెరికన్ అమ్మాయిని నీళ్ళలోనే జంతువు చంపింది, నిజమే. అది ఉప్పునీటి మొసలి. అయినా రిసార్టుల్లో టూరిస్టులు అడిగేది సొరలున్నాయా అనే.

డైవ్ సెంటర్లో ఒకాయన ల్యాప్‌టాప్ మీద సొరల్ని కాపాడండి అని స్టిక్కరుంది. ఆయన మంచివాడే. ఆ రాత్రి ఆయన రొయ్యల ఫ్రైడ్ రైస్ తింటూ జాలర్ల గురించి ఒక మాటన్నాడు, వాళ్ళకి చదువు లేకపోవడం వల్లే ఇదంతా అని. నేను జాలరి కూతుర్నని ఆయనకి తెలీదు. రొయ్యల వలలో రొయ్య కంటే మిగతావే ఎక్కువ పడతాయని, అందులో సొర పిల్లలూ ఉంటాయని చెప్దామనుకున్నాను. ప్లేటులో సగం మిగిలుంది, తిననిచ్చాను.

జంగ్లీఘాట్ రేవులో పొద్దున్నే బాబాయితో నిలబడితే ఆ మాట గుర్తొచ్చింది. బోటు నుంచి దించిన కుప్పలో వంజరాలు, టేకులు, వాటితో పాటు నాలుగు సొరలు. టేపు పట్టుకుని ఒక రీసెర్చ్ అమ్మాయి వాటిని కొలిచి పుస్తకంలో రాసుకుంటోంది. బాబాయి ఆ అమ్మాయి కోసం సొరని తిప్పి పొట్ట వైపు చూపిస్తున్నాడు. కడుపుతో ఉన్నదా లేదా అన్నది రాసుకోవాలట. సొరలతో చిక్కంతా అక్కడే. కవ్వ చేప వేలకి వేలు గుడ్లు పెడుతుంది. వైట్‌టిప్ ఒక కాన్పులో పెట్టేది ఒకటి నుంచి ఐదు పిల్లలు. పట్టినంత వేగంగా అవి పుట్టవు.

తిమింగల సొరని 2001లోనే చట్టం కింద కాపాడారు. 2015లో సొర రెక్కల ఎగుమతి ఆపేశారు. అంతకు ముందు రెక్కల డబ్బుతోనే బాబాయి ఇల్లు కట్టాడు. "ఆపేశారు, సరే. డీజిలు ధర ఆపినోడెవడు?" అంటాడు. "సొరలకని గేలాలు ఎయ్యట్లేదమ్మా ఇప్పుడు. పెద్ద సేపలకేస్తే పడతన్నాయి. గేలానికి కళ్ళుంటాయేటి?" ఆ మాటకి ఆ రీసెర్చ్ అమ్మాయి కూడా తలూపింది. దాని గురించే ఆమె థీసిస్ అట.

ఆ రాత్రి భోజనాల దగ్గర బాబాయి అడిగాడు, "ఏటమ్మా, నీళ్ళ కింద ఏటి సూసొచ్చావు?" సొరని చూశానన్నాను. ఆయన చెయ్యి కంచంలో ఆగింది.

"ఎక్కడ?"

ఇది నేను ఊహించని ఇబ్బంది. బాబాయి దగ్గర జీపీఎస్ ఉంది. పాయింట్లు రాసుకున్న నోటు పుస్తకం ఉంది. ఆయన తిండీ, తమ్ముడి ఫీజులూ, పిన్ని మందులూ ఆ పుస్తకంలోంచే వస్తాయి. అటు పక్క, బండ కింద పడుకున్న ఆ నాలుగడుగుల ప్రాణి. నేను నీళ్ళు తాగుతూ కూర్చున్నాను.

"ఉత్తరం పక్కనా? తొమ్మిది బారల లోతుంటాదా?"

తొమ్మిది బారలంటే పదహారు మీటర్లు. ఊఁ అన్నాను.

"నాకు తెల్సు. అక్కడ రాయుంది. రెండుసార్లు తాడు తెగిపోనాది, గేలాలన్నీ పోనాయి. మరటు ఎల్లం." మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. కాసేపాగి, "పడుకునుందన్నావు. నిజంగా పడుకుంటాదా?" అన్నాడు.

"ఊఁ. కదలకుండా."

"కళ్ళు మూసుకుంటాదా?"

"లేదు బాబాయ్, తెరిచే ఉంటాయి. మొప్పలొక్కటే ఆడతాయి."

నలభై ఏళ్ళ నుంచి సొరల్ని పడుతున్న మనిషి. దాని కాలేయం ఎన్ని కిలోలు తూగుతుందో చూపుతోనే చెప్పేస్తాడు. "నా సేతికొచ్చేసరికి ఎప్పుడూ కొట్టుకుంటానే ఉంటాది," అన్నాడు. ఇంక ఏమీ అడగలేదు. పిన్ని మజ్జిగ పోసింది.

అసలు గొడవ ఆ ఇంట్లో సొరల గురించి కాదు, తమ్ముడి గురించి. వాడికి పంతొమ్మిది. వాడు డైవ్‌మాస్టర్ అవుతానంటాడు. కరెన్ కుర్రాళ్ళందరూ చేస్తున్నారు, నేనెందుకు చెయ్యకూడదు అంటాడు. "నాలుగు తరాలు నీటి మీద బతికినాం. ఈడు నీటి కింద టూరిస్టుల సెయ్యి పట్టుకుని తిరుగుతాడంట," అని బాబాయి కోపం. ఆ కోపంలో సగం లెక్కే. సీజన్లో బోటు మీదకి ఒక మనిషిని కూలికి పెట్టుకోవాలంటే ఎంతవుతుందో ఆయనకి తెలుసు. డైవింగ్ పని వానాకాలంలో దాదాపు ఉండదని కూడా తెలుసు. నన్నడిగితే తమ్ముడి వైపే ఓటేస్తాను. కానీ బోటు అప్పు కట్టేది నేను కాదు కాబట్టి ఆ రోజు నోరు విప్పలేదు.

తమ్ముడు ఇప్పుడు హేవ్‌లాక్‌లో ఒక డైవ్ షాపులో సిలిండర్లు నింపే పనిలో ఉన్నాడు. కంప్రెసర్ దగ్గర రోజంతా చెమట. ఫ్రీ డైవ్‌లు దొరుకుతాయని ఒప్పుకున్నాడు. బాబాయి ఒప్పుకోలేదు, వద్దని కూడా గట్టిగా అనలేదు. వేట ముమ్మరంగా ఉన్న రోజుల్లో వాడు సెలవు పెట్టి బోటెక్కుతున్నాడు.

పోయిన నెల వాడు నలభై సెకన్ల వీడియో పంపాడు. అదే బండ పెచ్చు. ఈసారి రెండున్నాయి, ఒకదాని పక్కన ఒకటి, మొహాలు ఒకే వైపు. మన రూమ్మేట్లకి చూపిస్తే "వామ్మో" అన్నారు. అమ్మకి ఫార్వర్డ్ చేశాను. గంట తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల బజారు గోల, ఎవరో చందువాలు బేరమాడుతున్నారు.

"రెండూ కలిపి ఇరవై కిలోలుంటాయేటే?"